జాడీ మీది ఎనిమిది మంది

"అమ్మా, అద్దం మీద చెయ్యి పెట్టకూడదండీ," అన్నాడు మ్యూజియంలో కాపలా ఉన్నతను. అతను అనేదాకా నేను చెయ్యి పెట్టినట్టు నాకే తెలీదు. వేలితో లెక్కపెడుతున్నాను. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది. ఎనిమిది మందీ ఉన్నారు. హమ్మయ్య అనుకున్నాను. పరాయి దేశపు జాడీ మీద ఎంతమంది ఉంటే నాకేమిటట! కానీ నాకదో పాడలవాటు. తెల్లటి పింగాణీ మీద నీలిరంగు బొమ్మ ఎక్కడ కనిపించినా, అది హోటల్లో సాసరైనా సరే, వేలు లెక్కకి లేస్తుంది. జాడీ అయితే మరీను. వంగి లోపలికి చూసి, అడుగు కనబడుతోందో లేదో తేల్చుకునేదాకా కాలు కదలదు.

ఆ జాడీ పక్కన చిన్న అట్టముక్క మీద రాసి పెట్టారు. చైనా దేశపు పాత పింగాణీ అనీ, తావో మతంలోని ఎనిమిది మంది చిరంజీవులు సముద్రం దాటుతున్న చిత్రం అనీ. అందులో ఒక్క ముక్క తప్పు లేదు. అయినా నాకు ఒళ్ళు మండింది. "చిరంజీవులేమిటి నా మొహం, ఓడ తాత కుటుంబమైతేనూ," అని పైకే అనేశాను కాబోలు, కాపలా అతను నాకేసి అదోలా చూసి రెండడుగులు దగ్గరికి జరిగాడు. అతనికి జాడీ మామ్మ సంగతి తెలీదు, పాపం.

జాడీ మామ్మకి అసలు పేరొకటి ఉండేది. గుడి రిజిస్టరులో రాసి ఉండేది కూడా. ఆ పేరుతో ఆవిణ్ణి పిలిచినవాళ్ళెవరూ నాకు గుర్తులేరు. ఇప్పుడు నేను కొత్తగా పిలిచినా ఆవిడ పలికే రకం కాదు. మాది కంకిపాడు దాటాక బందరు కాలవ గట్టున ఒక పల్లె. మా నాన్నగారు అక్కడి గుడికి అయ్యగారు, అంటే పాస్టరు. గుడంటే ఎంతనీ, ఓ పెంకుటిల్లంత. ముందు తాటాకు వరండా. లోపల గుమ్మం పక్కన మూలగా ఒక చెక్క పీట, దానిమీద జాడీ, దాని పక్కన మామ్మ. నేను పుట్టేనాటికే ఇద్దరూ అక్కడ ఉన్నారు.

ఆ జాడీలో ఉండేది పిడికెడు బియ్యం. మా పల్లెలో ప్రతి ఆడమనిషీ పొద్దున్నే ఎసట్లో బియ్యం పోసేముందు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేది. అది దేవుడి బియ్యం. వారం రోజులదీ ఆదివారం గుడికి తెచ్చి జాడీలో వేసేవాళ్ళు. బాలింతకో, మంచాన పడ్డవాళ్ళకో, కూలి దొరకని ఇంటికో అందులోంచి ఇచ్చేవాళ్ళు. చాలా గుళ్ళలో ఉన్న పద్ధతే ఇది. మా గుళ్ళో మాత్రం మామ్మ పెట్టిన చట్టం ఒకటి అదనం. జాడీలోకి బియ్యం ఒంపకూడదు. సంచిలో తెచ్చినా సరే, మళ్ళీ పిడికిట్లోకి తీసుకుని, చేతిని మెడ లోపలికంటా దించి వదలాలి. ఇచ్చేటప్పుడూ అంతే. పిడికిలితో లోపలికి వెళ్ళింది పిడికిలితోనే బైటికి రావాలి.

"ఒంపితే ఏమవుతుంది మామ్మా?" అని అడిగాను ఒకసారి.

"ఒంపితే ఎవురెన్ని తెచ్చారో అందరికీ కనపడిపోద్ది. గుప్పిట మూసుంటే ఎవురికి తెలుసుద్దే?" అంది. ఆ వెంటనే జాడీకేసి చూసి గొంతు తగ్గించి, "పైగా ఇది పాత మనిషి. అంత బరువు ఒక్కసారి మీద పడితే తట్టుకోలేదు," అంది, జాడీ వింటే బాధపడుతుందన్నట్టు.

పాత మనిషే. నా చిన్నప్పుడు అది నా నడుం దాకా వచ్చేది. మామ్మ వాళ్ళమ్మ బందరులో ఒక దొరగారి బంగళాలో వంట చేసేదట. దొరలు సామానంతా ఓడకెక్కించుకుని వెళ్ళిపోతూ, మెడ దగ్గర పగిలిన జాడీని పెరట్లో వదిలేశారట. ఎవరో పనివాడు ఆ పగులుకి ఇత్తడి కుట్లు వేసి అతికాడు. అయిదు కుట్లు. పై కుట్టు మెడ మీద ఉంటే, కింది కుట్టు సరిగ్గా ఒక బొమ్మ మొహం మీదికి వచ్చింది. మామ్మ రోజూ పొద్దున రాగానే ముందు చేసే పని, ఆ కుట్ల పక్కన వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినడం. పగులు ఇంకా పాకిందేమోనని ఆవిడ భయం. లోపల ఎప్పుడూ బియ్యం ఉండేవి కనక తడితే దబ్బుమని మెత్తటి మోత వచ్చేది. అది వింటే చాలు, ఆవిడ భుజాలు కిందికి దిగేవి. మబ్బు పడితే మాత్రం మళ్ళీ కంగారు మొదలు. కొబ్బరి తాడు తెచ్చి జాడీని గుంజకి కట్టేసేది. గాలివాన రోజుల్లో ఆ తాడు పట్టుకుని కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను.

కంగారులో నేనూ ఆవిడకి తీసిపోను. చెప్పులు విప్పిన చోట ఉన్నాయో లేదో చూడ్డానికి ప్రార్థన మధ్యలో రెండుసార్లు లేచేదాన్ని. అందుకే ఆవిడ నన్ను "కంగారమ్మా" అని పిలిచేది. నేనేడిస్తే జాడీ దగ్గర కూర్చోబెట్టుకుని బొమ్మలు చూపించేది.

ఆ బొమ్మలు చూడాలి మీరు. నీలిమందు నీళ్ళల్లో ముంచిన కుంచెతో గీసినట్టుండేవి. కింద చుట్టూ అలలు. ఒక్కో అల కొసా చేతివేళ్ళలా వంకర్లు తిరిగి ఉండేది. ఆ అలల మీద ఎనిమిది మంది. ఎనిమిది అనగానే మామ్మకి ఇంకేం గుర్తొస్తుంది! వాక్యంలో, అంటే బైబిల్లో, జలప్రళయం నుంచి బతికి బైటపడింది ఎనిమిది మందే. ఓడ కట్టిన పెద్దాయన, ఆయన భార్య, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు. మామ్మకి చదువు రాదు గానీ వాక్యమంతా నోటికొచ్చు. ఆవిడ లెక్క ఆవిడ వేసేసుకుంది.

గాడిద మీద వెనక్కి తిరిగి కూర్చున్న ముసలాయన ఓడ తాత. "వెనక్కెందుకు కూర్చున్నాడు మామ్మా?" అంటే, "మునిగిపోయిన ఊరొంక చూసుకుంటన్నాడే. నువ్వైతే చూసుకోవా?" అనేది. పొట్ట బైటపెట్టుకుని విసనకర్ర పట్టుకున్న లావాటాయన పెద్దకొడుకు. వీపున కత్తి ఉన్నవాడు నడిపివాడు. చంకలో కర్రతో, చేతిలో సొరకాయ బుర్రతో నిలబడ్డ కుంటాయన చిన్నోడు. ఓడ కడుతుంటే దూలం కాలి మీద పడిందట. సొరకాయ బుర్రలో మంచినీళ్ళట, చుట్టూ ఉన్నవన్నీ ఉప్పునీళ్ళు కదా మరి. గడ్డం లేని ముగ్గురూ కోడళ్ళు. తామరపువ్వు పట్టుకున్నది ఒకతి, పూలబుట్ట పట్టుకున్నది ఒకతి, పిల్లనగ్రోవి ఊదేది ఒకతి. వాక్యంలో కోడళ్ళ పేర్లు లేవు. "రాసినోళ్ళు మొగోళ్ళు గదా, మర్చిపోయుంటారు," అని మామ్మే వాళ్ళకి పేర్లు పెట్టింది. మా పల్లెలో ఎవరైనా ఆడమనిషి చనిపోతే కొన్నాళ్ళపాటు ఒక కోడలికి ఆ మనిషి పేరు వచ్చేది. కష్టపడి పిల్లల్ని సాకి, ఎవరూ పట్టించుకోకుండా పోయినవాళ్ళకి ముందు.

ఇక మిగిలింది ఓడ తాత భార్య. అక్కడే చిక్కు. ఆ ఎనిమిదో మనిషికి తల మీద పెద్ద టోపీ, చేతిలో చిడతలు, మొహం మీదుగా ఇత్తడి కుట్టు. కుట్టు కింద నుంచి స్పష్టంగా గడ్డం.

"మామ్మా, ఈవిడకి గడ్డం ఉందేమిటి?"

"వందేళ్ళు ఓడ కట్టేవోడితో కాపరం చేసి చూడు, నీకూ వచ్చుద్ది," అంది మామ్మ. మా అమ్మ గుడి ఊడుస్తూ విని, చీపురు అక్కడే పడేసి నవ్వింది. నాన్నగారు ఆదివారం ప్రసంగాన్ని మూడోసారి తిరగరాస్తూ అమ్మని గదిలోకి రానివ్వని రోజుల్లో, అమ్మ అద్దంలో గడ్డం తడిమి చూసుకుని నాకు కన్నుగీటేది.

పైన మేఘాల్లో కాళ్ళు పొడుగ్గా సాచి ఎగురుతున్న పక్షి ఒకటి ఉండేది. "అది పావురం కదా ఉండాల్సింది?" అన్నాను. "నీళ్ళు తీశాయో లేదో చూసి రమ్మనటానికి మనూళ్ళో ఎవుర్ని పంపుతాం? కొంగనే గదా," అంది. ఒకే ఒక్క ప్రశ్నకి మాత్రం ఆవిడ కాస్త ఆలోచించింది. అన్నీ ఉన్నాయి సరే, ఓడేదీ అని అడిగాను.

"ఓడంటే ఈ జాడీయేనే," అంది అరచేత్తో జాడీ పొట్ట నిమురుతూ. "నీకు కనపడాలని వాళ్ళు కాసేపు బైట నుంచున్నారు."

పదేళ్ళ పిల్లకి ఇంతకంటే ఏం కావాలి! నేను నమ్మాను. మా పల్లె అంతా నమ్మింది. నాన్నగారు నమ్మారో లేదో చెప్పలేను గానీ, ఆ జాడీ వైపు తిరిగి ఎప్పుడూ చిరునవ్వు నవ్వేవారు.

డెబ్భైల మధ్యలో నేను బెజవాడలో ఆడపిల్లల కాలేజీలో బి.ఏ. చదువుతున్నాను. ఒకరోజు మా హిస్టరీ మేడమ్ బల్ల మీద పెద్ద బొమ్మల పుస్తకం తెరిచి ఉంది. అందులో మా జాడీ! కుట్లు లేవంతే. గాడిద, విసనకర్ర, సొరకాయ బుర్ర, కొంగ, అన్నీ అవే. "మేడమ్, ఇది మా ఊళ్ళో ఉందండీ," అని అరిచాను. ఆవిడ ముచ్చటపడి నన్ను కూర్చోబెట్టుకుని చెప్పారు. చైనాలో తావో అని ఒక మార్గం ఉందట. దాన్ని పట్టుకుని సాధన చేసి చావు లేకుండా అయిపోయిన ఎనిమిది మంది వీళ్ళట. విందులో కాస్త ఎక్కువ తాగి, పడవ లేకుండా సముద్రం దాటుదామని పందెం వేసుకుని, ఎవరి చేతిలో ఉన్న వస్తువుని వాళ్ళు నీళ్ళ మీద పడేసి దాని మీద దాటేశారట. సొరకాయ బుర్రలో ఉన్నది నీళ్ళు కాదు, మందు, చావుని ఆపేది. కొంగ నిండు నూరేళ్ళ ఆయుష్షుకి గుర్తు. పిల్లనగ్రోవి ఊదేది ఆడమనిషి కాదు, కుర్రాడు. టోపీ మనిషి రాజుగారి బావమరిది.

గర్వంతో ఉబ్బిపోయాను ఆ రోజు. మా పల్లెలో ఎవరికీ తెలియనిది నాకు తెలిసింది! ఆ సాయంత్రమే ఇన్లాండు లెటరు కొని, సందు లేకుండా ఇరికించి రాసి నాన్నగారికి పోస్టు చేశాను. చివర్లో "కాబట్టి మన జాడీ మీద ఉన్నవారు చైనా దేవతలు" అని రాసి కింద గీత కూడా గీశాను. ఆ గీత తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

నాన్నగారు మెత్తటి మనిషి. కాకపోతే మనసులో ఒక మాట పెట్టుకుని పైకి ఇంకోలా ఉండలేరు. ఆ ఉత్తరం ఆయన్ని పురుగులా తొలిచింది. సరిగ్గా అప్పుడే మా గుళ్ళో ఉజ్జీవ కూటాలు, అంటే భక్తిని మేల్కొలిపే సభలు, మూడు రోజులు. వేరే ఊరి నుంచి పేరున్న ప్రసంగీకులొకరు వచ్చారు. ఏ ఊరు వెళ్ళినా విశ్వాసుల ఇళ్ళలో మిగిలిపోయిన బొమ్మలు బైటికి తెప్పించి పగలగొట్టించడం ఆయన పద్ధతి. నాన్నగారు ఏం చెయ్యాలో తోచక ఉత్తరం తీసుకెళ్ళి ఆయనకే చూపించారు. నాకు కార్డు రాశారు: "నీవు వ్రాసిన సంగతి ఆఖరి రోజు కూటంలో ప్రస్తావనకు వచ్చును. నీవు చింతించవద్దు."

చింతించవద్దు అని నాన్నగారు రాశారంటే కొంప మునిగిందని అర్థం. కార్డు అందింది ఆ ఆఖరి రోజు పొద్దున్నే. పుస్తకాలు హాస్టల్లో పారేసి బస్టాండుకి పరిగెత్తాను. ఆ బస్సు ఆటోనగర్ దగ్గర ఆగిపోయింది. ఎవడో డ్రైవరు బాడీ కట్టని లారీ ఛాసిస్‌ని రోడ్డుకి అడ్డంగా రివర్సు చేస్తున్నాడు. వాడు వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి. నేను సీటు అంచు పట్టుకుని కూర్చున్నాను. సుత్తి పడిపోయిందేమో, ఇప్పుడు పడిందేమో, మామ్మ పక్కనే ఉందేమో, ఇదే ఆలోచన. పుస్తకంలో చూసింది వేరే బొమ్మ అని అబద్ధం చెబుదామనుకున్నాను. ఆ అబద్ధాన్ని కంకిపాడు దాకా పెదాల మీద వల్లె వేసుకున్నాను. పక్కనామె నేను ప్రార్థన చేసుకుంటున్నాననుకుని కాస్త జరిగి చోటిచ్చింది.

నేను చేరేసరికి గుడి ముందు పందిట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. జాడీ మూల నుంచి కదిలి, ముందు స్టూలు మీద ఉంది. వెలుగులో దాన్ని చూడడం అదే మొదటిసారి. నీలిరంగు మెరిసిపోతోంది. మామ్మ దాని పక్కనే, కొంగు నిండుగా కప్పుకుని నిలబడి ఉంది.

ప్రసంగీకులు కోపిష్టి ఏం కాదు. మాటిమాటికీ మెడ మీద చెమట తుడుచుకుంటూ, మెల్లగా, నిజంగా బాధపడుతున్నట్టే చెబుతున్నారు. "తల్లీ, నువ్వు తెలియక చేశావు. తప్పు పట్టడం లేదు. కానీ ఇవి అన్య దేవతలు. ఇది నా మాట కాదు, మీ అయ్యగారి అమ్మాయే కాలేజీలో చదువుకుని రాసింది."

అప్పుడే ఎవరో నన్ను చూసి, "అదిగో, పాప వచ్చింది," అన్నారు. జనమంతా వెనక్కి తిరిగారు. మామ్మ కూడా తిరిగింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండును. అసలు విషయం ఏమిటో నేనే వచ్చి చెబుతానని ఆశగా చూసింది. బస్సులో వల్లె వేసుకున్న అబద్ధం నోట్లోనే ఉండిపోయింది. తల దించుకున్నాను.

మామ్మకి అర్థమైపోయింది. "సరేనండి, పగలగొట్టండి," అంది. "కానీ లోపల బియ్యం ఉండాయండి. అయ్యి ఈ బొమ్మలయి కాదు, నాయీ కాదు. దేవుడియి."

"వేరే పాత్రలోకి ఒంపుదాం," అన్నారాయన.

"ఒంపకూడదండి. పిడికిలితో వచ్చినియ్యి పిడికిలితోనే పోవాలండి, లేనోళ్ళ ఇంటికే పోవాలండి. అదీ మా గుడి పద్ధతి. అయిపోయినాక మీ ఇష్టం."

ఆయన నాన్నగారి వైపు చూశారు. నాన్నగారు తల ఊపారు. పద్ధతి అదేనని ఒప్పుకోక తప్పదు కదా. "సరే," అన్నారు ప్రసంగీకులు. "జాడీ ఖాళీ అయిన రోజు, అయ్యగారూ, మీ చేత్తో మీరే ఈ పని చెయ్యాలి. సంఘం ముందు మాటివ్వండి."

నాన్నగారు మాటిచ్చారు. నిలబడి, అందరికీ వినబడేలా ఇచ్చారు.

ఆ సాయంత్రం జాడీని మళ్ళీ మూలకి చేర్చాక నేను మామ్మ దగ్గరికెళ్ళి కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను. "గొప్ప కోసం రాశాను మామ్మా. నాకు బుద్ధి లేదు," అన్నాను. ఆవిడ జాడీ తట్టి వింటోంది. మోత సరిగ్గానే ఉందని తేలాక గానీ నా వైపు తిరగలేదు.

"రాస్తే రాశావులే కంగారమ్మా. చదూకున్నదానివి, చదూకున్నది రాశావు," అంది. వేలితో కుంటాయన కర్రని తడుముతూ కూర్చుంది. "చీనావోళ్ళంటగా?"

"అవును మామ్మా."

"మీ పుస్తకంలో ఏం రాసుంది? నీళ్ళు దాటారా, మునిగిపోయారా?"

"దాటారు."

"ఎనిమిది మందీనా?"

"ఎనిమిది మందీ."

"మరింకేం," అంది మామ్మ. కొంగుతో నా ముక్కు తుడిచింది. "ఇక ఈ రోజు నించీ జాడీ అడుగు కనపడకుండా చూసుకోవాల. అదీ పని."

ఆ పని మా పల్లె ఆడవాళ్ళంతా పట్టుకున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, ఎక్కడా సమావేశం కాలేదు. ఆదివారం మాత్రమే తెచ్చేవాళ్ళు మధ్యలో బుధవారం కూడా రావడం మొదలెట్టారు. కాలవ కట్టేసిన ఎండాకాలం కూలి దొరక్కపోయినా, పక్కింట్లో బదులు తెచ్చిన బియ్యంలోంచి కూడా పిడికెడు తీశారు. మా అమ్మ రెండు పిడికిళ్ళు వేసేది, ఒకటి తనది, ఒకటి నా ఉత్తరానిది. నాన్నగారు గుళ్ళోకి వెళ్ళినప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు జాడీ పక్కగా నడిచి, మెడ సాచి లోపలికి చూసి, ఊపిరి వదిలేవారు. ఆయనకి ఇచ్చిన మాట గుదిబండ అయిపోయింది. తప్పలేరు, చెయ్యలేరు.

నేనైతే సెలవులకొస్తే సంచీ ఇంట్లో పెట్టకముందే గుళ్ళోకి వెళ్ళి జాడీలో చెయ్యి పెట్టేదాన్ని. మణికట్టుకి బియ్యం తగిలితే ఆ పూట అన్నం సయించేది. మోచెయ్యి దాకా వెళ్ళినా తగలకపోతే ఇక నిద్ర పట్టేది కాదు. హాస్టల్లో ఉన్నప్పుడు కలలో కూడా నా చెయ్యి దిగుతూనే ఉండేది, కింద ఏమీ తగిలేది కాదు. మామ్మ మాత్రం ఇచ్చేవాళ్ళకి ఇస్తూనే ఉంది. ఒక్క పిడికిలి తగ్గించలేదు. "కాస్త చూసుకుని ఇవ్వు మామ్మా," అంటే, "చూసుకునే ఇస్తన్నా, వాళ్ళ మొకం చూసుకుని," అనేది. ఆవిడ మొండితనం మీద నాకు పీకలదాకా కోపం వచ్చేది.

అలా రెండేళ్ళు గడిచాయి. ఆ తర్వాత నవంబరులో దివి వైపు ఉప్పెన వచ్చింది. దాని గురించి నేను చెప్పక్కర్లేదు, ఈ జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. మా పల్లెకి సముద్రం రాలేదు గానీ గాలి వచ్చింది, వాన వచ్చింది. గుడి తాటాకు వరండా కాలవలో తేలింది. ఆ రెండు రోజులూ మామ్మ కొబ్బరి తాడు పట్టుకుని జాడీ పక్కనే కూర్చుంది. కోతకొచ్చిన చేలన్నీ నీళ్ళల్లో పడుకున్నాయి. నాలుగో రోజు నుంచి సముద్రం వైపు ఊళ్ళవాళ్ళు రావడం మొదలైంది. లారీల్లో కొందరు, గట్టు వెంట నడిచి కొందరు, చుట్టాల ఇళ్ళు వెతుక్కుంటూ. ఒంటి మీద ఎవరివో బట్టలు.

కాలేజీ మూసేశారని నేను ఇంటికొచ్చి ఉన్నాను. మామ్మ గుమ్మంలో కూర్చుని ఇస్తూనే ఉంది. పిడికిలి తర్వాత పిడికిలి. పల్లెలో ముంతలు కడిగినట్టున్నాయి, ఆదివారం ఎవరూ ఏమీ తేలేకపోయారు. జాడీలో మామ్మ చెయ్యి మోచెయ్యి దాకా దిగేది, మర్నాటికి భుజం దాకా దిగింది. తల పక్కకి వాల్చి, చెంప జాడీ అంచుకి ఆనించి, కళ్ళు మూసుకుని అడుగున తడుముతోంది. ఆడవాళ్ళు నలుగురు చుట్టూ చేరారు.

"మామ్మా, ఒక్క పిడికెడు అడుగునుంచు. ఖాళీ కానట్టే లెక్క," అంది ఒకావిడ గుసగుసగా.

మామ్మ కళ్ళు తెరిచింది. "జాగా ఉండగా ఓడ తలుపేసేది ఎవురే?" అంది. ఎప్పుడూ లేనిది, కోపంగా.

ఎదురుగా ఒకామె పాపని చంకనేసుకుని నిలబడి ఉంది. "ఎంతమందమ్మా మీరు?" అని అడిగింది మామ్మ. ఆమె వేళ్ళు ముడిచింది, విప్పింది. "ఇద్దరమేనండి," అంది చివరికి. మామ్మ ఆఖరి పిడికెడు పైకి తీసి ఆమె కొంగులో వదిలింది. వేళ్ళకి అంటుకున్న గింజలు కూడా దులిపి వేసింది.

తర్వాత అలవాటు ప్రకారం జాడీని కణుపుతో తట్టింది.

ఖంగుమంది. గుడి గంటలా. ఆ జాడీ గొంతు అలా ఉంటుందని మాలో ఎవరికీ తెలీదు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నాం గానీ ఎప్పుడూ వినలేదు. ఆ మోతకి లోపల బల్ల దగ్గర జనం పేర్లు రాసుకుంటున్న నాన్నగారు లేచి గుమ్మం దగ్గరికొచ్చారు.

"అయిపోయినియ్యండి అయ్యగారూ," అంది మామ్మ. లేచి నిలబడి, జాడీకి కట్టిన తాడు తనే విప్పింది.

నాన్నగారు జాడీకేసి చూశారు. ఆడవాళ్ళకేసి చూశారు. తిరిగి మా ఇంటివైపు నడిచారు. మా ఇల్లు గుడి వెనకాలే. వంటింటి మూల కట్టెలు కొట్టే గొడ్డలి ఉంటుంది. వంటింటి తలుపు కిర్రుమనడం నాకు వినబడింది. ఆయన్ని ఆపాలని ఉంది, ఏ మొహంతో ఆపను? ఇదంతా నా వల్లే, నా గీత వల్లే. అమ్మ ఆపుతుందేమో అనుకున్నాను. అమ్మ గొంతు వినబడలేదు. మామ్మ ఎనిమిది మందినీ చేత్తో ఒక్కొక్కరినే తుడుస్తోంది, దూరప్రయాణం వెళ్ళే పిల్లల మొహాలు తుడిచినట్టు. గడ్డం ఉన్నావిడ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది.

నాన్నగారు వచ్చారు. చేతిలో గొడ్డలి లేదు. కుడిచెయ్యి గుప్పిట బిగించి ఉంది. సుత్తో, రాయో అనుకున్నాను. జనం దారిచ్చారు. ఆయన జాడీ దగ్గర వంగి, చొక్కా చెయ్యి పైకి మడిచి, ఎప్పుడూ ఆ పని చెయ్యని మనిషి కనక మెడ దగ్గర చెయ్యి ఇరుక్కుంటే అటూ ఇటూ తిప్పి లోపలికి దించారు. మా పల్లెలో ఏ మగవాడూ అంతవరకూ ఆ జాడీలో చెయ్యి పెట్టలేదు. ఆయన గుప్పిట విప్పారు. ఒట్టి పింగాణీ మీద బియ్యం గింజలు పడ్డ చప్పుడు గుడంతా వినబడింది. అవి ఆ పూట మా ఎసట్లోకి ఉంచిన బియ్యం.

మామ్మ తొంగి చూసింది. గింజలు అడుగుని పూర్తిగా కప్పలేదు. ఆవిడ జాడీ మామ్మ కదా, ఊరుకుంటుందా!

"అమ్మగారి పిడికిలి ఇంతకన్నా పెద్దదండి," అంది.

నాన్నగారు ఇంకో పిడికెడు తేవడానికి ఇంట్లోకి వెళ్ళారు.